అరచేతి కొలత

కొట్టు పైగది

పిచ్చుకకు,

ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నావు. రాస్తున్నాను.

పొద్దున మీ అక్క మామూలుగానే లేచింది. ముందురోజు కొత్త సరుకు వచ్చింది. ఆల్చిప్ప గుండీలు, కొన్ని చెక్కవి. మీ అక్క కిటికీ దగ్గర బల్ల వేసుకుని ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. ఆమె పద్ధతి నీకు తెలుసు. ఎడమ అరచేతిలో గుండీ, కుడిచేతిలో ఫోను. ఒకటి తీయడం, పెట్టెలో వేయడం, ఇంకోటి తీయడం.

టీ తీసుకెళ్తే ఎడమ చెయ్యి లాగుతోంది అంది. పొద్దుటినుంచి చాపి పట్టుకున్న చెయ్యి, లాగక ఏం చేస్తుంది అనుకున్నాం ఇద్దరం. చెయ్యి మార్చమన్నాను. కుడిచెయ్యి చూపిస్తే టైలర్లు తికమక పడతారంది. ఈ పెట్టె అవగానే కాసేపు పడుకుంటానంది.

కింద ఎవరో జిప్పుల కోసం వచ్చారు. దిగాను. ఆ మనిషికి ఏ రంగూ నచ్చలేదు. చాలాసేపు పట్టింది. పైకి వచ్చేసరికి బల్లమీద తల వాల్చి ఉంది. నిద్రపట్టిందనుకున్నాను. ఎండ ముఖాన పడుతోందని కిటికీ రెక్క వేశాను. గుండీ ఇంకా అరచేతిలోనే ఉంది. తీయబోయాను. చెయ్యి చల్లగా ఉంది.

పార్సిళ్లు కట్టే పెద్దాయనా నేనూ కలిసి కిందికి దింపాం. మెట్లు ఇరుకు. ఆసుపత్రిలో గుమ్మం దగ్గరే చూసి చెప్పేశారు. ఎడమ చెయ్యి లాగడం గుండెకు సంబంధించిందట. అది గుండీలు పట్టుకునే చెయ్యి అని డాక్టరుతో అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పలేదు.

జరిగింది ఇంతే.

ఫోన్ చెయ్యకు. నీ గొంతూ మీ అక్క గొంతూ ఒకటే. ఉత్తరం రాయి.

బావ


ఆఫీసు క్యాంటీన్, మూల బల్ల

బావకు,

సరే, ఫోన్ చెయ్యను. రోజంతా హెడ్‌ఫోన్ పెట్టుకుని ముక్కూమొహం తెలియని వాళ్ల ఫిర్యాదులకు జవాబు చెప్పే మనిషిని, కాగితం మీద రాయడం మర్చిపోయాను. రాత చూసి నవ్వకు.

నీ ఉత్తరం చదివాను. మళ్లీ చదవలేదు. టిఫిన్ డబ్బా కింద పెట్టుకుని తిరుగుతున్నాను.

ఆ ఫోటోల పిచ్చి అక్కకి అంటించింది నేనే కదా. వీధి చివర మన సరుకే అమ్మే ఆ అద్దాల షాపు వచ్చాక మీరు గల్లాపెట్టె దగ్గర ఈగలు తోలుకుంటూ కూర్చున్న రోజులు గుర్తున్నాయా? ఊరి టైలర్లు రాకపోతే పొరుగూరి టైలర్లు, వాళ్లు కాకపోతే ఆ పై ఊళ్ల వాళ్లు, ఫోన్లో పెట్టవే అన్నాను. నువ్వేమన్నావు? "గుండీ కొనడానికి ఫోటో ఎందుకు, చొక్కా పట్టుకుని రమ్మను" అన్నావు. డిగ్రీ చదివిన బుర్ర కదా. అక్క మాత్రం ఒక్క మధ్యాహ్నంలో ఆ అమ్మకాల యాప్ నేర్చేసుకుంది.

నువ్వు ప్రతి ఫోటో కింద మిల్లీమీటర్లు రాయించావు. టైలర్లు వాటిని కరివేపాకులా తీసి పక్కన పెట్టారు. అక్క అరచెయ్యే వాళ్లకు స్కేలు. గుండీ రెండు గీతల మధ్య ఇమిడితే చొక్కాకి, గీత దాటితే కోటుకి. ఆ లెక్క అక్క ఎవరికీ చెప్పలేదు, వాళ్లే కనిపెట్టారు. అది చెప్పి ఎంత మురిసిపోయేదో.

కొన్నాళ్లు కొట్టు మూసి మా దగ్గరికి రా. మా ఆయన వంట చేస్తాడు. నీకు నచ్చదు, అయినా తింటావు.

అక్క ఫోన్ ఎవరి దగ్గరుంది?

పిచ్చుక


కొట్టు పైగది

పిచ్చుకకు,

కొట్టు తెరిచాను. రాలేను.

పెద్దాయన వస్తున్నాడు. దారాలు సర్దే ఆవిడ వస్తోంది. ఇద్దరికీ ఇదే బతుకు. ఇప్పుడు గడప దాటి లోపలికొచ్చే బేరం తక్కువ. కొట్టు నడిచేది బయటి ఊళ్ల టైలర్ల మీదే.

ఫోను నా దగ్గరే ఉంది. యాప్ ఆమె నంబరు మీద ఉంది. రోజూ చార్జింగ్ పెడుతున్నాను. ఆర్డర్లు వస్తున్నాయి, పంపుతున్నాను. కొత్త సరుకు ఫోటోలు కూడా పెట్టాను.

ఇంకేం లేదు. మీ ఆయన్ను అడిగానని చెప్పు.

బావ


ఇల్లు, వంటింటి గట్టు

బావా,

నిన్న నేనొక పని చేశాను. సిగ్గుపడటం లేదు. ఆ యాప్‌లోనే అక్క నంబరుకి మెసేజ్ పెట్టాను. "అక్కా, ఉన్నావా" అని. ఎవరూ చూడరనుకున్నాను. ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టు, ఊరికే.

చూసినట్టు టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత అక్క పేరు కింద "టైప్ చేస్తోంది" అని వచ్చింది.

నేను గట్టు పట్టుకుని నిలబడ్డాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మా ఆయన వచ్చి కట్టేశాడు. ఏమైందని అడిగితే అక్క ఏదో రాస్తోంది అన్నాను. ఆయన పొంగిన పాలు తుడిచాడు. కాసేపటికి ఆ మాట పోయింది. ఏమీ రాలేదు.

నువ్వేనని తెలుసు. నాకు బుర్ర పోలేదు. ఫోను నీ దగ్గరుందని నువ్వే రాశావు. నేను అడిగేది ఒక్కటే. ఏం రాయబోయి చెరిపేశావు?

ఇంకోటి. అక్క ప్రొఫైల్ తెరిచి చూశాను. కింద టైలర్లు నిన్నా మొన్నా రాసిన మాటలున్నాయి. "అక్క కోలుకుంది, మళ్లీ ఎప్పటిలా పంపుతోంది" అని. ఎవరు కోలుకున్నారు బావా? మనం పంపించిన మనిషి ఎక్కడ కోలుకుంది?

నా దగ్గర దాచకు. చేతకాదు నీకు.

పిచ్చుక


కొట్టు పైగది

పిచ్చుకకు,

"ఏంటే" అని రాశాను. నువ్వు పిలిస్తే ఆమె అలాగే పలికేది. పంపలేదు.

మిగతాది చెబుతాను.

కొట్టు తెరిచిన రోజు ఫోన్లో మెసేజీలు నిండి ఉన్నాయి. జవాబు లేదేంటక్కా అని. ఒంట్లో బాగోలేదు అని అందరికీ రాశాను. ఎవరికి బాగోలేదో రాయలేదు. వాళ్లు ఆమెకే అనుకున్నారు. ఒక్కొక్కరే జాగ్రత్తలు చెప్పారు. రెండు రోజులాగి ఎలా ఉందని అడిగారు. పర్వాలేదు అని రాశాను. ఇంకో రెండు రోజులకు, బాగానే ఉంది అని రాశాను.

అక్కడ ఆమెకు నయమైంది.

తర్వాత ఆపడానికి వీలు దొరకలేదు. చనిపోయి అన్ని రోజులయ్యాక, నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషిని ఇవాళ ఎలా చంపడం?

పాత సంభాషణలు చదివి ఆమెలా రాయడం నేర్చుకున్నాను. పెద్ద కష్టం కాలేదు. చిన్న వాక్యాలే. ఒకాయన కొడుకు పరీక్ష ఏమైందని అడిగాను. పాసయ్యాడట. ఒకావిడకు కుట్టుమిషను శబ్దం చేస్తే నూనె ఎక్కడ వెయ్యాలో చెప్పాను. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే ఒక టైలరమ్మ ఉంది. మీ అక్కను ఎన్నడూ చూడలేదు. రోజూ రాస్తుంది. కుట్టిన చొక్కాలు, భర్త తిక్క, మోకాలి నొప్పి, అన్నీ. ఈసారి ఒక కొత్త బడి మొత్తానికి ఆమె ఒక్కతే కుడుతోంది. ఆ బడి వాళ్లు ముందు రెడీమేడ్ కంపెనీకి ఇద్దామనుకున్నారట. ఈమె బతిమాలి తెచ్చుకుంది. ఆ సంగతి నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లూ సంతోషం అని రాశాను.

అలా రాస్తున్నంతసేపు నాకేమీ అనిపించదు. ఫోను పక్కన పెట్టాక కూడా ఏమీ అనిపించదు. బాగుందనీ కాదు, బాగోలేదనీ కాదు.

మొన్న యాప్ వాళ్లు ఒక కబురు పంపారు. మీరు పనిలో ఉన్నప్పుడు మీ పాత మాటల తీరులోనే మా యంత్రమే జవాబిస్తుంది, ఒప్పుకుంటారా అని. చిన్న వ్యాపారులకు ఉచితమట. సరే అని ఒకటి, ఇప్పుడు వద్దు అని ఒకటి ఉన్నాయి. ఏదీ నొక్కలేదు.

బావ


ఆఫీసు క్యాంటీన్, మూల బల్ల

బావకు,

నీ మీద అరుద్దామని కూర్చున్నాను. అరిచి ఒక పేజీ రాశాను కూడా. చించేశాను.

నువ్వు చేసింది తప్పు. అది నీకూ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. అక్క బతికుండగా నువ్వు ఆమెకు రాసిన మెసేజీలు నేను చూశాను. "వస్తున్నా", "తాళం ఎక్కడ", "సరే". మూడే మాటల మనిషివి, ఇప్పుడు ఊరిమీద వాళ్ల మోకాళ్లకు మందు చెబుతున్నావు. ఇది చూసుంటే అక్క పడీపడీ నవ్వేది.

ఇప్పుడు నేను అడిగేదానికి నువ్వు నవ్వకు.

ఆ "సరే" నొక్కు.

మా ఆఫీసులో ఇలాంటివే ఉంటాయి. జవాబులు ముందే తయారుగా ఉంటాయి, మేం పేరు మార్చి పంపుతాం. అందులో ఏమీ ఉండదని నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా నొక్కు. నువ్వు రాసి పంపితే అది నువ్వే అవుతావు, నాకు వద్దు. అది రాస్తే ఎవరూ కాదు. ఎవరూ కాని చోట ఒక్కసారి అక్కా అని పిలిచి చూస్తాను. ఒక్కసారే. తర్వాత తీసెయ్యి.

మా ఆయనకు చెప్పలేదు. మన ఇద్దరికీ తప్ప ఈ సంగతి ఎవరికీ అర్థం కాదు.

పిచ్చుక


కొట్టు పైగది

పిచ్చుకకు,

నొక్కాను.

ఫోను బల్ల సొరుగులో పెట్టేశాను. రెండు రోజులు తీసి చూడను. నువ్వు రాసింది నేను చదవడం బాగుండదు. ఆర్డర్లు పెద్దాయన ఫోనుకు కూడా వస్తాయి. ఆయన చూసుకుంటాడు.

బావ


ఇల్లు, వంటింటి గట్టు

బావా,

అక్కా అని రాశాను. రెప్ప వేసేలోగా వచ్చింది.

"నమస్తే అండీ, చెప్పండి. ఏ సైజు కావాలి?"

నన్ను అండీ అంది. అక్క నన్ను చచ్చినా అండీ అనదు.

నేనే అక్కా, పిచ్చుకను అని రాశాను. "మంచిది అండీ. ఫోటో పెట్టండి, చూసి చెబుతాను" అంది. మా ఇద్దరి మధ్యా మెసేజీలు ఎప్పుడున్నాయి? గంటలు గంటలు ఫోన్లో వాగడమే. నాతో ఎలా మాట్లాడాలో దానికి నేర్పినవాళ్లు లేరు.

ఫోను పెట్టేసి గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను. ఏడుపు రాలేదు. నువ్వు రాసింది అప్పుడు అర్థమైంది, ఏమీ అనిపించదు అన్నావే, అది.

తీసెయ్యి దాన్ని. తీసేసి ఆ మనుషులకు నిజం చెప్పు. కోపగించుకుంటే కోపగించుకుంటారు. కొట్టుకు బేరం పోతే పోతుంది. అక్క పోయిందని ఏడ్చే హక్కు వాళ్లకూ ఉంది కదా. అది మనమే దాచుకుని కూర్చున్నాం.

పిచ్చుక


కొట్టు పైగది

పిచ్చుకకు,

నీ ఉత్తరం అందగానే తీసేశాను. అప్పటికే ఆలస్యమైంది.

నువ్వు రాసింది నేను చదవలేదు. కానీ దాని కింద యూనిఫారాల టైలరమ్మ సంభాషణ ఉంది. అది చదవక తప్పలేదు. మొదటినుంచి చెబుతాను.

కొత్త సరుకు ఫోటోలు పెట్టానని రాశాను కదా. మీ అక్క లాగే తీశాను. ఎడమ అరచేతిలో గుండీ పెట్టి, వేళ్లు కనపడకుండా. అరచెయ్యే కదా అనుకున్నాను. నాది ఆమె చేతికి ఒకటిన్నర ఉంటుంది. కోటు గుండీ పెడితే నా చేతిలో రెండు గీతల మధ్య ఇమిడిపోయింది. కింద మిల్లీమీటర్లు రాశాను. అవి ఎవరూ చూడరని నీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా తట్టలేదు.

ఆమె ముదురాకుపచ్చ గుండీలు బడి మొత్తానికీ తెప్పించుకుంది. సరుకు చేరేలోగా సమయం పోకూడదని ఫోటో చూసి ముందే కాజాలు కుట్టేసింది. చొక్కా కాజాలు. వెళ్లినవి కోటు గుండీలు. ఒక్కటీ దూరలేదు. వచ్చే వారం బడి తెరుస్తారు. అప్పటికి చొక్కాలు ఇవ్వకపోతే ఆ పని రెడీమేడ్ కంపెనీకి పోతుంది. ఆమెకు మళ్లీ రాదు.

ఆమె నన్ను, అంటే మీ అక్కను, ఒక్క మాట అనలేదు. ఫోటో మళ్లీ చూసిందట. ఇలా రాసింది.

"అక్కా, నీ చెయ్యి ఏంటి అలా అయిపోయింది? ఇంత వాచిపోయిందా? ఒంట్లో బాగోలేదంటే జలుబో జ్వరమో అనుకున్నాను. ఇంత వాపుతో ఫోటోలు తీస్తున్నావా? గుండీల సంగతి తర్వాత. నేను చొక్కాల మూటతో బయల్దేరి వస్తున్నాను. నిన్ను చూసినట్టు ఉంటుంది, ఇద్దరం కూర్చుని చిన్న సైజువి వెతికినట్టూ ఉంటుంది. నువ్వు ఉంటావా?"

దానికి జవాబు వెళ్లింది. నేను కింద జిప్పులు అమ్ముతున్నాను అప్పుడు.

"రా. నేనెక్కడికి పోతాను."

ఇది యంత్రం కల్పించింది కాదు. కొట్టు తెరిచి ఉంటుందా అని ఎవరు అడిగినా మీ అక్క ఈ మాటే రాసేది. వెతికితే వందల చోట్ల ఉంది.

ఆమె బస్సెక్కానని కూడా రాసింది. రేపు పొద్దున దిగుతుంది.

ఇప్పుడు రాసేద్దామని ఫోను తీశాను. అక్క చనిపోయింది అని రాశాను. పైన మీ అక్క పేరు, కింద ఆ మాట. చదివితే ఆమే తన గురించి చెప్పుకున్నట్టుంది. చెరిపేశాను. ఫోన్ చేద్దామనుకున్నాను. పక్కన తెలిసినవాళ్లు లేకుండా బస్సులో కూర్చున్న మనిషికి, కనబడని మగవాడు ఫోన్ చేసి చెప్పే మాట కాదు.

పెద్దాయనకు అంతా చెప్పాను. ఆయన పురికొస కట్టడం ఆపలేదు. ముడి బిగించి, "ఆ తల్లికి చెప్పాక మిగతావాళ్లకు చెప్పడం తేలికవుతుంది బాబూ" అన్నాడు. ఇంకో పార్సిల్ అందుకున్నాడు. దారాల ఆవిడ మాత్రం, "మీ చెయ్యి చూసి వాపు అనుకుందంటే ఆమెను ఎంత తలుచుకుంటోందో చూడండి" అంది. ముగ్గురం కలిసి పైగదిలో అటకమీది పాత పెట్టెలన్నీ దింపాం. ముదురాకుపచ్చలో చొక్కా సైజువి కొన్ని దొరికాయి. సగం బడికి కూడా చాలవు. ఇంకా విప్పని పెట్టెలు గోడ పొడుగునా ఉన్నాయి. వేరే షాపుల వాళ్లకూ కబురు పెట్టాను. అద్దాల షాపుకు నేనే వెళ్లి అడిగాను. వాళ్ల దగ్గర ఆ రంగు కొద్దిగా ఉంది. తీసి పెడతామన్నారు.

నా చేతి ఫోటోలన్నీ తీసేశాను. మీ అక్కవి ఉంచాను.

రేపు పొద్దున మొదటి బస్సు వేళకు ముందే బస్టాండుకు వెళ్తాను. ఆమె ముఖం నేను చూడలేదు. చొక్కాల మూట మోసుకుని దిగి, ఒక ఆడమనిషి కోసం చుట్టూ చూసే మనిషి ఎవరో, ఆమే అయ్యుంటుంది. మూట అందుకుని బెంచీ మీద కూర్చోబెడతాను. ముందు మీ అక్క చనిపోయిందని చెబుతాను. తర్వాత ఇన్నాళ్లూ రాసింది నేనని చెబుతాను. ఆమె ఏం అన్నా వింటాను. తర్వాత కొట్టు ఎటువైపో చూపించి, వస్తారా అని అడుగుతాను.

బావ